అమ్మకు పిత్తాశయం క్యాన్సర్ వస్తే కూతురికీ వస్తుందా?

అనంతపురం నుంచి అడిగిన ప్రశ్న ఇది. కూతురికి స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు కనబడ్డాయట.

వంశం వల్ల ముప్పు కొంత పెరుగుతుంది, అంతమాత్రాన వచ్చి తీరుతుందని కాదు. ఏబీసీబీ1, ఏబీసీబీ4 జన్యువుల్లో మార్పులకు దీనితో సంబంధం ఉందని 2017లో ముంబయి టాటా మెమోరియల్ పరిశోధకులు చూపారు.

అంతకంటే పెద్ద కారణం రాళ్లే. ఏళ్ల తరబడి రాయి గోడను ఒరుసుకుంటుంటే వాపు తగ్గక కణాలు మారిపోతాయి. అయినా రాళ్లున్నవాళ్లలో క్యాన్సర్ వచ్చేది చాలా కొద్దిమందికే. రిపోర్టులో ఎన్ని రాళ్లని కాదు, సైజు చూడండి: 3 సెం.మీ. దాటిన రాయి, 10 మి.మీ. లేదా అంతకు మించిన పాలిప్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ), గోడలో పేరుకున్న సున్నం. వీటిలో ఏది ఉన్నా, నొప్పి లేకపోయినా సర్జన్‌ను కలవాల్సిందే. కుటుంబంలో ఈ జబ్బు ఉందని ముందే చెప్పండి, నిర్ణయం మారొచ్చు.

ఊబకాయం, పిత్తాశయంలో తిష్ఠ వేసిన టైఫాయిడ్ క్రిమి, ఆర్సెనిక్ కలిసిన నీళ్లు కూడా ముప్పు పెంచేవే. గంగా మైదానంలో ఈ క్యాన్సర్ ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ.

మన సీమలో పట్టించుకోవాల్సింది శెనక్కాయల బూజు. అందులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయ క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. పిత్తాశయంతోనూ సంబంధం ఉన్నట్టు చిలీ పరిశోధనల్లో కనిపించింది. వేయించినా పూర్తిగా పోదు. పచ్చగా బూజు పట్టినవి, ముడతలు పడ్డవి, చేదెక్కినవి ఏరి పారేయండి. గానుగకు మాత్రం పంపకండి.