పార్కులో పిల్లలకు ఆటస్థలం కావాలంటే ముందు ఆ స్థలం కాగితాలు తెచ్చుకోండి

ఒంగోలులో మీ కాలనీ పార్కు వెనక భాగం ముళ్లచెట్లతో ఖాళీగా పడి ఉందనీ, అక్కడ పిల్లలకు వాలీబాల్, కబడ్డీ కోర్టులు వేయించడానికి ప్రభుత్వ నిధులు ఎలా తెచ్చుకోవాలో చెప్పమనీ అడిగారు. ఫ్లడ్ లైట్లు కూడా అడగొచ్చా అన్నారు. నేను నెల్లూరులో వేదాయపాళెం వైపు ఉంటాను. మా పార్కులో ఇదే పని కోసం 2021 నుంచి తిరిగి, 2023 ఎండాకాలానికి కోర్టులు వేయించుకున్నాం. మేం తప్పు చేసిన చోట మీరు చేయకూడదని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మా వైపు పిల్లలు ఆడుకోవాలంటే రోడ్డే గతి. కాస్త పెద్దవాళ్లు సైకిళ్లేసుకుని ట్రాఫిక్‌లో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికో, వీఆర్సీ గ్రౌండుకో పోయేవాళ్లు. ఆడపిల్లల్ని సాయంత్రం పూట అంత దూరం పంపే ఇళ్లు తక్కువ. మా అమ్మాయి స్కూల్లో వాలీబాల్ బాగా ఆడేది. ఇంటికొస్తే మేడమీద పిట్టగోడకు బంతి కొట్టుకుంటూ ఉండేది. అది చూడలేకే నేను ఈ పనిలోకి దిగాను.

మొదటి అర్జీలో మేం రాసింది ఒక్క వాక్యం: "మా పిల్లలకు ఆటస్థలం మంజూరు చేయగలరని ప్రార్థన." కింద రెండు వందలకు పైగా సంతకాలు. ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చాం. ఏడెనిమిది నెలలు గడిచాక వెళ్లి అడిగితే ఏ అర్జీ అన్నారు. ఇచ్చినట్టు మా దగ్గర రసీదు లేదు. ఇల్లిల్లూ తిరిగి పెట్టించిన సంతకాలన్నీ పోయాయి. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను కూడా. కాబట్టి అర్జీ ఎక్కడ ఇచ్చినా నంబరు వేయించుకుని, రసీదు తీసుకునే బయటికి రండి. సోమవారం కలెక్టరేట్‌లో ఇస్తే నంబరు తప్పకుండా ఇస్తారు. అప్పట్లో దాన్ని స్పందన అనేవాళ్లు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. మీకైతే ప్రకాశం భవనంలో జరుగుతుంది.

అసలు లోపం అర్జీలోనే ఉందని చెప్పింది మా వీధిలో ఉండే రిటైరైన ఇంజినీరు గారు. కాగితం చదివి, "ఈ స్థలం ఎవరిదమ్మా?" అన్నారు. పార్కుది అన్నాను. "పార్కు ఎవరిది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. గవర్నమెంటు డబ్బు ఒక్క రూపాయి ఖర్చు పెట్టాలన్నా స్థలం గవర్నమెంటుదని కాగితం ఉండాలి, అది లేకపోతే ఫైలు మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోతుంది అని ఆయన చెప్పారు. తర్వాత మేం తిరిగిన ప్రతి చోటా ఆ మాట నిజమే అయింది.

అనుమతి ఉన్న లేఅవుట్‌లో 10 శాతం జాగా అందరికీ ఉమ్మడి ఖాళీ స్థలంగా వదలాలి. దాన్ని లేఅవుట్ వేసినవాళ్లు గిఫ్ట్ డీడ్ రాసి, రిజిస్టరు చేసి మునిసిపాలిటీకి అప్పగించాలి. ఆ డీడ్ నకలు, మంజూరైన ప్లాను నకలు రెండూ తెచ్చుకోండి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు చెప్పాలి. మాకు ప్లాను అలాగే వచ్చింది. దాన్ని పార్కులో అరుగు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, టేపుతో కొలుచుకుంటూ పోతే పడమటి మూల మూడు గజాల మేర పార్కు స్థలంలో ఎవరిదో ఇటుకల కుప్ప ఉంది. మాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. గొడవ లేకుండా మాట్లాడి అది తీయించాం. కోర్టు మంజూరయ్యాక ఇది బయటపడి ఉంటే పని అక్కడే ఆగేది.

ఇంకో సంగతి. ఖాళీ స్థలం కనిపిస్తే అక్కడ ఏదైనా బిల్డింగు కడదాం అనేవాళ్లు మీ దగ్గరా ఉంటారు. బెంగళూరు రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మా కాలనీ మీటింగులో ఆ తీర్పు సంగతి చెప్పాకే కల్యాణ మండపం మాట సద్దుమణిగింది. మేం మాత్రం చెట్లు కొట్టం, గోడలు కట్టం అని రాసిచ్చాం.

ఇక నిధులు. కార్పొరేషన్ వాళ్లు "ఫైనాన్స్ కమిషన్ డబ్బు దేనికి పడితే దానికి వాడకూడదమ్మా" అంటే మొదట్లో తప్పించుకుంటున్నారనుకున్నాను. కానీ అది నిజం. కేంద్రం డబ్బు ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం, అంటే ఫైనాన్స్ కమిషన్, మన స్థాయి నగరాలకు 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే. మిగతా 40 శాతం కోసం ప్రతి డివిజనూ పోటీ పడుతుంది. కార్పొరేషన్ సొంత జనరల్ ఫండ్ నుంచి అడగాలంటే బడ్జెట్ తయారయ్యే ముందే అడగాలి. లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి నవంబరు, డిసెంబరులోనే మీ కార్పొరేటరు చేత, కమిషనరు చేత ఆ పని పేరు రాయించుకోవాలి. మార్చిలో వెళితే వచ్చే ఏడాది చూద్దామంటారు. నగరాల్లో వసతుల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకం 2015లో మొదలైనప్పుడు నెల్లూరు, ఒంగోలు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి, అందులో పార్కుల పనులూ ఉన్నాయి. మీ పార్కులో అలాంటి పని ఏదైనా జరిగిందేమో కనుక్కోండి. జరిగి ఉంటే పాత కొలతలు, డ్రాయింగులు ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఉంటాయి.

మాకు పనికొచ్చింది ఎంపీ నిధులు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటుంది. కరోనా వల్ల 2020లో ఆపేసి, 2021 నవంబరులో మళ్లీ మొదలుపెట్టారు. మేం అర్జీ తిరగరాసుకునే సరికి సరిగ్గా ఆ సమయం కలిసొచ్చింది. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా కలెక్టరు. లోక్‌సభ ఎంపీ ఒక్కరే అనుకోకండి, మన రాష్ట్రం నుంచి వెళ్లిన రాజ్యసభ సభ్యులు కూడా రాష్ట్రంలో ఎక్కడికైనా సిఫారసు చేయొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, రాజ్యసభ వాళ్లను అడిగేవాళ్లూ తక్కువే. ఈ నిధుల్లో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు సిఫారసు చేయాలని నియమం ఉంది. మీ పార్కు పక్కనే అలాంటి కాలనీ ఉంటే వాళ్లను కలుపుకుని, వాళ్ల పెద్దల్ని ముందు పెట్టి అడగండి. ఆట వాళ్ల పిల్లలకూ కావాలి కదా.

కేంద్రం క్రీడల పథకం ఖేలో ఇండియా గురించి చాలామంది చెబుతారు. దానికి ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం ద్వారా పోవాలి, పెద్ద పనులకు సరిపోతుంది. కాలనీ పార్కుకు అటు తిరిగితే కాలం పోతుందని నా అభిప్రాయం. కానీ శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) తరఫున జిల్లాలో ఉండే క్రీడాభివృద్ధి అధికారిని తప్పకుండా కలవండి. మాకు కోర్టు కొలతలు అక్కడి కోచ్ గారే కాగితం మీద గీసిచ్చారు.

ఆ కొలతలే మా అర్జీకి ప్రాణం పోశాయి. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు పొడవు, 9 మీటర్లు వెడల్పు. చుట్టూ 3 మీటర్లు వదిలితే 24, 15. అంటే తొమ్మిది సెంట్ల లోపే. కబడ్డీకి మగవాళ్లకు 13, 10 మీటర్లు, ఆడపిల్లలకు 12, 8. పార్కు మొత్తం అడుగుతున్నామేమో అని భయపడినవాళ్లకు తొమ్మిది సెంట్లు అని చెప్పగానే ముఖం మారిపోయింది. ఒక ఆదివారం పొద్దున ఇంట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చి, కొబ్బరితాడు పట్టి ఆ జాగాలో గీతలు గీశాం. నాలుగు గీతలు వేసి ఇక అయిపోయిందని నేను లేస్తుంటే మా అమ్మాయి, "అమ్మా, నడి గీతకు అటు మూడు మీటర్లు, ఇటు మూడు మీటర్లు ఇంకో గీత ఉంటుంది" అని నా చేతిలో డబ్బా లాక్కుంది. అసిస్టెంట్ ఇంజినీరు గారు వచ్చి ఆ ముగ్గు గీతల మధ్య నిలబడే ఎస్టిమేట్‌కు కొలతలు రాసుకున్నారు. మీరూ అలాగే చేయండి. ఆయన కళ్లకు కోర్టు కనపడాలి.

గీతలు ఉత్తర దక్షిణాలుగా వేయండి. లేదంటే సాయంత్రం సూర్యుడు ఒక జట్టు కళ్లలో కొడతాడు. సిమెంటు గచ్చు వేస్తామంటే ఒప్పుకోకండి. చూడటానికి పెద్ద పనిలా ఉంటుంది, పిల్లల మోకాళ్లు మాత్రం పోతాయి. మీ ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల. పైపొర తీసి, గ్రావెల్ పోసి, రోలర్ తిప్పి, పైన ఇసుక కలిపిన మట్టి పరిచే పని ఎస్టిమేట్‌లో విడిగా రాసుందో లేదో చూసుకోండి.

మేం చూసుకోనిది వాననీళ్లు పోయే దారి సంగతి. ఎస్టిమేట్ చదివినప్పుడు స్తంభాలు, నెట్లు, కంచె ఉన్నాయా అని చూశాం గానీ నీళ్లు ఎటు పోతాయని ఎవరం అడగలేదు. మన జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు కోర్టు నిండా చీలమండల లోతు నీళ్లు నిలిచాయి, పోసిన మట్టి ఒక మూలకు కొట్టుకుపోయింది. ఎండాక మళ్లీ మట్టి తోలించడానికి కాలనీలో చందాలు వేసుకున్నాం. సైడు కాలువ ఆ తర్వాత ఏడాది గానీ రాలేదు. కోర్టు మధ్యలో కాస్త ఎత్తు, అంచులకు వాలు, పక్కన కాలువ, ఈ మూడూ మొదటి ఎస్టిమేట్‌లోనే రాయించండి.

వ్యతిరేకించేవాళ్లను శత్రువులుగా చూడకండి. పొద్దున నడిచే ఒక పెద్దాయన గట్టిగా అడ్డం చెప్పారు. "బంతి తగిలి పడితే నన్ను మోసేదెవరమ్మా?" అన్నారు. ఆయనకు అప్పటికే తుంటి ఎముక ఆపరేషన్ అయింది, భయం న్యాయమే. నడక దారి వైపు పది అడుగుల జాలీ కంచె వేయించి, పొద్దున ఏడింటి దాకా ఆట లేదని బోర్డు పెట్టాం. నిర్వహణ కమిటీలో ఆయన్నే మొదట కూర్చోబెట్టాం. ఎంపీ నిధులకు ఈ కమిటీ విషయం ముఖ్యం. కట్టిన తర్వాత ఎవరు చూసుకుంటారో ముందే రాతపూర్వకంగా అడుగుతారు. మేం సంఘం లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన దాంట్లోనే సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా కోర్టు ఆడపిల్లలదని ఒక వాక్యం చేర్చాం. మొదట్లో మగపిల్లలు సణిగారు. ఇప్పుడు ఆ టైముకు వాళ్లే నెట్ ఆడపిల్లల ఎత్తుకు దించి ఇస్తున్నారు.

లైట్ల గురించి అడిగారు. ఫ్లడ్ లైట్లు మొదటి అర్జీలో పెట్టకండి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలనే ప్రశ్న దగ్గర ఫైలు ఆగుతుంది. కార్పొరేషన్ వీధిదీపాల లైను మీదే పార్కు లోపల రెండు ఎల్‌ఈడీ స్తంభాలు విడిగా అడగండి. మీ వార్డు సచివాలయంలో వసతుల పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి ఇస్తే చాలు. మాకు అలాగే వచ్చాయి. ఇప్పుడు రాత్రి ఎనిమిదింటి దాకా బంతి చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తుంది.