బ్లాకుల మధ్య రాగి తీగ వద్దు

ప్రశ్న: మా కాలేజీలో మూడు ల్యాబులు, మూడు బ్లాకుల్లో. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లను కలిపే పెట్టె) పెట్టి లాన్ కేబుల్ లాగాం. ఉరుములొస్తే దాని పోర్టులు (కేబుల్ గుచ్చే చోట్లు) కాలిపోతున్నాయి. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: లాన్ కేబుల్‌కు హద్దు 100 మీటర్లు. పైగా రాగి కాబట్టి, దగ్గర్లో పిడుగు పడితే కరెంటు దాని వెంటే స్విచ్‌లోకి దూరుతుంది. మెయిన్ బ్లాకులో లేయర్-3 స్విచ్ (వేర్వేరు నెట్‌వర్కుల మధ్య డేటాను చేరవేసేది) పెట్టి, మిగతా రెండు బ్లాకులకూ విడివిడిగా 6 కోర్ల (గాజు పోగుల) సింగిల్ మోడ్ ఫైబర్ లాగండి. ఇందులో డేటా కాంతిగా వెళ్తుంది, గాజు వెంట కరెంటు పోదు. వాడేది రెండు కోర్లే, మిగతావి రేపటికి. కేబుల్‌కు ఉక్కు కవచం ఉంటే ఎర్త్ చేయాల్సిందే. లింకు లైటు వెలగకపోతే ఒక చివర రెండు కోర్లూ అటూఇటూ మార్చండి. చాలాసార్లు తప్పు అక్కడే. ఒక్కో ల్యాబుకు వేరే వీలాన్ (స్విచ్‌లోనే విడదీసిన నెట్‌వర్క్), వేరే ఐపీ శ్రేణి (కంప్యూటర్ల చిరునామాల వరుస) ఇవ్వండి. అన్నిటా 192.168.1తో మొదలయ్యే శ్రేణే ఉంటే చిరునామాలు ఢీకొంటాయి. బ్లాకుల మధ్య అదనపు లైను వేసే ముందు స్విచ్‌లలో స్పానింగ్ ట్రీ (డేటా గుండ్రంగా తిరగకుండా అదనపు దారిని ఆపి ఉంచే సదుపాయం) ఆన్ చేయండి. లేకుంటే లూప్ పడి మూడు ల్యాబులూ ఒకేసారి ఆగిపోతాయి.