మీ ఆరోగ్యం – మా సమాధానం: నడుము నొప్పి మాత్రను ఎన్నాళ్లు వాడవచ్చు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 46 ఏళ్లు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. సీజనులో కాయల క్రేట్లు ఎత్తి దించడంతో నడుము పట్టేసింది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రను మూడు వారాలుగా ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. షీటు మీద అసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325, క్లోర్‌జోక్సజోన్ 250 మిల్లీగ్రాములు అని ఉంది. నొప్పి ఎక్కువైన రోజు పారాసిటమాల్ 650 కూడా వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. మూత్రం నారింజ రంగులో వస్తోంది, పగలంతా మగతగా ఉంటోంది. ఈ మాత్రను ఇంకా ఎన్నాళ్లు వాడవచ్చు?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఈ మాత్రను ఈ రోజే ఆపి, వీలైనంత త్వరగా డాక్టరుకు చూపించుకోండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

మీరు ఒక మాత్రగా మింగుతున్నది నిజానికి మూడు మందులు. అసిక్లోఫెనాక్ వాపును, నొప్పిని తగ్గిస్తుంది. పారాసిటమాల్ దానికి తోడుగా నొప్పిని తగ్గిస్తుంది. కండరాల బిగువు కోసం కలిపినది క్లోర్‌జోక్సజోన్. ఇది నేరుగా నడుము కండరం మీద పని చేస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, దాని పని మెదడులోనూ వెన్నుపాములోనూ జరుగుతుంది. కండరాన్ని బిగించి ఉంచే నరాల సంకేతాలను అక్కడ నెమ్మదింపజేస్తుంది కాబట్టే మగత కూడా వస్తుంది. ఆ మగతలో బండి నడపడం, యంత్రాల దగ్గర నిలబడడం ప్రమాదం. మద్యం తోడైతే మగత ఇంకా పెరుగుతుంది.

మూత్రం రంగు మిమ్మల్ని భయపెట్టి ఉంటుంది. క్లోర్‌జోక్సజోన్ వాడేవారిలో కొందరికి మూత్రం నారింజ రంగులోనో, ఊదా కలిసిన ఎరుపులోనో వస్తుంది. ఆ మార్పు ఒక్కటే అయితే హాని లేదు. అయితే ఇదే మందు అరుదుగా కాలేయాన్ని తీవ్రంగా దెబ్బ తీస్తుంది. కళ్లు పచ్చబడడం, ఆకలి చచ్చిపోవడం, వాంతులు, కుడి డొక్క పైభాగంలో నొప్పి, జ్వరం, ఒంటి మీద దద్దుర్లు వంటివి ఏవి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అవేవీ లేకపోయినా, మూడు వారాలు వాడారు కనుక కాలేయ పరీక్ష చేయించుకోవడం మంచిది.

మీ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతున్నది మూత్రపిండాల సంగతి. టెల్మిసార్టాన్, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్, అసిక్లోఫెనాక్ వంటి నొప్పి మందు – ఈ మూడూ ఒకే ఒంట్లో కలిసినప్పుడు మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గి, అవి ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. మామిడి సీజనంటే మన జిల్లాలో మండుటెండల కాలం. చెమట కారేలా బరువులు మోస్తూ నీళ్లు సరిగా తాగని మనిషికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా ఈ రకం నొప్పి మందులు బీపీని పెంచుతాయి, బీపీ మాత్ర పనిని తగ్గిస్తాయి, కడుపులో పుండ్లు పడేలా చేస్తాయి. కనుక రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి, బీపీ కూడా చూపించుకోండి. మలం నల్లగా తారులా వచ్చినా, మూత్రం బాగా తగ్గినా ఆలస్యం చేయకూడదు.

పారాసిటమాల్ లెక్క కూడా చూద్దాం. రెండు మాత్రల్లో 650 మిల్లీగ్రాములు, విడిగా మూడు 650 మాత్రలు వేసుకుంటే 1950, మొత్తం 2600. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4000 మించకూడదన్నది పరిమితి కనుక మీరు దాటలేదు. కానీ రోజూ మద్యం తాగేవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఆ పరిమితి వర్తించదు. వారు ఇంకా తక్కువతో ఆపాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుందని మరవకండి.

బరువులెత్తి పట్టేసిన నడుము చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఇలాంటి మిశ్రమ మాత్ర మొదటి కొద్ది రోజులకే, అదీ డాక్టరు రాసిస్తేనే. వేడి కాపడం, ఓర్చుకోగలిగినంత నడక మంచం పట్టడం కంటే మేలు. పుత్తూరు కట్టు మీద మన ప్రాంతంలో ఎందరికో నమ్మకం ఉందని తెలుసు కానీ, లోపలి కారణం తెలియకుండా నడుముకు కట్టు కట్టించుకోవద్దని నా మనవి. కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి.

ప్రశ్న: బిడ్డకు పాలిస్తున్నాను. మెడ నొప్పికి, కండరాల బిగువు తగ్గించే థయోకాల్చికోసైడ్ అనే మందు ఉన్న మాత్ర వేసుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: వద్దమ్మా. ఈ మందు ఒంట్లో మారినప్పుడు పుట్టే ఒక పదార్థం, విభజన చెందుతున్న కణాల క్రోమోజోములకు హాని చేయగలదని తేలడంతో, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీన్ని వాడకూడదని, మిగిలిన పెద్దలు కూడా మాత్రల రూపంలో 7 రోజులకు మించి వాడకూడదని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2013లో సూచించింది. పాలిచ్చే తల్లులకు నొప్పి తగ్గడానికి విడి పారాసిటమాల్ సరిపోతుంది. అది చాలకపోతే, కడుపులో పుండ్లు, ఉబ్బసం లేవని నిర్ధారించుకున్నాక డాక్టరు ఐబుప్రొఫెన్ రాయవచ్చు. ఇప్పటికే ఆ మాత్ర వేసుకుని ఉంటే, షీటు వెంట తీసుకువెళ్లి పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి.