నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయావట!

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. నువ్వు మొదలుపెట్టిన ఆ మంత్రాల ప్రేమకథ, అదే ఫాంటసీ నవల్లో నలభై పేజీలకే పదమూడు పేర్లు వచ్చాయనీ, ఎవరు రాజో ఎవరు రాజద్రోహో తెలియడం లేదనీ విసుక్కున్నావు. పైగా "పెద్దమ్మా, ఇందులో లవ్ స్టోరీ అసలెప్పుడు మొదలవుతుంది?" అని అడిగావు. నవ్వొచ్చింది. అది పన్నెండో పేజీలోనే మొదలైంది తల్లీ. ఆ దొంగపిల్ల పారిపోతూ సైనికుడి కత్తి లాక్కుంది కదా, వాడు కత్తి కోసం కాకుండా ఆమె చేతికి తగిలిన గీత వంక చూశాడు. ఒకే వాక్యం. నువ్వు తర్వాతి పేరాకి పరిగెత్తావు.

నువ్వు చెప్పిన మర్నాడే ఆ నవల నేనూ తెప్పించుకుని మొదలుపెట్టాను. ఇప్పుడు ఏడో అధ్యాయంలో ఉన్నాను. చదువుతూనే రాస్తున్నాను కాబట్టి ఆ తర్వాతి కథ నాకూ తెలియదు, ముగింపు బయటపెట్టేస్తానన్న భయం అక్కర్లేదు.

ముందు ఆ పేర్ల గొడవ వదిలెయ్. కొత్త క్లాసులో చేరిన రోజే అందరి పేర్లూ వచ్చేస్తాయా? కావలసినవాళ్లను రచయితే మళ్లీ మళ్లీ మన ముందుకు తెస్తారు. తేలేదంటే వాళ్లు గుర్తుండక్కర్లేదన్నమాట. పరీక్షకి చదివినట్టు పేర్లు కాగితం మీద రాసుకునేవాళ్లూ ఉన్నారు. నేను ఒకసారి ప్రయత్నించాను, కాగితం మిగిలింది, కథ జారిపోయింది.

పుస్తకంలో ఇచ్చిన మ్యాప్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకు. 1881లో స్కాట్లండ్ రచయిత స్టీవెన్సన్ తన సవతి కొడుకుతో కలిసి సరదాకి ఒక దీవి మ్యాప్ గీశాడు. దాన్ని చూస్తూ ఉంటే ఆ అడవుల్లోంచి మనుషులు తొంగిచూసినట్టు అనిపించి రాసిన నవలే 'ట్రెజర్ ఐలండ్'. 1883లో పుస్తకంగా వచ్చింది. తమాషా ఏమిటంటే, పబ్లిషర్‌కి పంపిన అసలు మ్యాప్ ఎక్కడో పోయింది. తను రాసిన కథలోంచే కొలతలన్నీ ఏరుకుని మళ్లీ గీయించాల్సి వచ్చింది. ఆ రెండోది ఎంత బాగున్నా తనకు అది ఆ దీవి అనిపించలేదని ఆయనే చెప్పుకున్నాడు. అంటే కొందరికి కథకంటే ముందు పుట్టేది మ్యాపే. అందుకే మన పుస్తకంలో మ్యాప్ ఉన్న పేజీలో ఒక బుక్‌మార్క్ పెట్టుకో. కథలోవాళ్లు బయల్దేరినప్పుడల్లా దారి వెంట వేలు పెట్టి చూడు. మన పుస్తకంలో ఉత్తరాన 'ఉప్పుగుమ్మం' అని ఒక చోటుంది. ఇప్పటిదాకా ఒక్కరూ దాని పేరెత్తలేదు. ఎత్తకుండా ఉంటారా?

ఇక అసలు సంగతి. ఇలాంటి నవలల్లో ప్రేమ ఒక డబ్బాలో, సాహసం ఒక డబ్బాలో ఉండవు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నీ వయసులో నేను యుద్ధం వచ్చిన ప్రతిచోటా పేజీలు తిప్పేసి, వాళ్లిద్దరూ ఒకచోట ఉన్న సీన్లు మాత్రమే చదివేదాన్ని. అలా ఒక నవల ముగించాను. చివర్లో ఆ అమ్మాయి అతణ్ణి కాదని వెళ్లిపోయింది. నాకు తిక్కరేగింది. ఏళ్ల తర్వాత మళ్లీ చదివితే, నేను దాటేసిన కోట ముట్టడిలో అతను ఒక తలుపు మూసేశాడు. ఆమె స్నేహితురాలు ఆ తలుపు అవతల ఉండిపోయింది. కథంతా ఆ తలుపే. నేను దాన్ని మూడు పేజీల విసుగు అనుకున్నాను.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. మంత్రం ఎదురైనప్పుడు దానితో ఏం చేయొచ్చు అని కాదు, ఏం చేయలేరు, ఏం పోగొట్టుకోవాలి అని చూడు. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని తెలిశాకే కదా ఆ కథకి ఊపు వచ్చేది! మన పిల్ల నిప్పు పుట్టించిన ప్రతిసారీ ఒక జ్ఞాపకం పోతుంది. అయిదో అధ్యాయంలో ఆమె అమ్మ పాట కూనిరాగం తీస్తూ రెండో చరణం దగ్గర ఆగిపోతుంది. రచయిత ఏమీ వివరించలేదు, ఆమె కూడా ఏమీ అనదు, కట్టెలు ఎగదోసుకుంటుంది. ఇప్పుడు నలభయ్యో పేజీ మళ్లీ చూడు. మంచులో గడ్డకట్టిపోతున్న ఆ సైనికుడి కోసం ఆమె నిప్పు రాజేసింది. నువ్వు దాన్ని ప్రయాణం అనుకుని చదివావు. ఆమె అక్కడ తన అమ్మ గొంతులో కొంత ఇచ్చేసింది. అతనికి తెలియదు. ఇంతకంటే లవ్ స్టోరీ ఏముంటుంది?

ఇంకొకటి. కథ చెబుతున్నది పదిహేడేళ్ల పిల్ల, 'నేను' అంటూ చెబుతోంది. తన మనసు తనకే సరిగ్గా తెలియదు. ఆరో అధ్యాయంలో అతని భుజానికి కట్టు కట్టే సీన్ వస్తుంది, తొందరపడకు. గాయానికి కట్టు కట్టే సీన్ లేని నవల ఈ తరహాలో అరుదేననుకో. ఆమె "వాడంటే నాకు అసహ్యం" అంటూనే చొక్కా చేయి చింపుతుంది, కసిగా ముడి బిగిస్తుంది, అతను పళ్లు బిగించడం చూసి ముడి విప్పి మళ్లీ వదులుగా కడుతుంది. నోరు ఒకటి చెబుతోంది, వేళ్లు ఇంకొకటి చెబుతున్నాయి. వాళ్లు ఒకటవుతారని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమెకి తెలియడానికి ఇంకా ఎన్ని ముళ్లు పడతాయో చూడటంలోనే ఉంది మజా. అందుకే ఆఖరి పేజీ తిప్పి చూడకు, ఎవరినీ అడగకు.

"ఇదంతా నిజం కాదు కదా అనిపిస్తే?" అన్నావు. పెద్దపెద్దవాళ్లు దీని మీద వాదించుకున్నారు. అపనమ్మకాన్ని మనమే ఇష్టపడి కాసేపు పక్కన పెడతామని ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ 1817లో రాశాడు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ 1939లో ఇచ్చిన ఉపన్యాసంలో అది చాలదన్నాడు. రచయిత పని సరిగ్గా చేస్తే పక్కన పెట్టడాలేమీ ఉండవు, ఆ లోకంలో ఉన్నంతసేపూ నమ్మేస్తామని ఆయన మాట. నా ఓటు ఆయనకే. అపనమ్మకం తలెత్తిందంటే తప్పు నీది కాకపోవచ్చు. వంద పేజీలయ్యాక కూడా అలాగే ఉంటే నిక్షేపంగా పుస్తకం మూసెయ్. నలభై మాత్రం తక్కువ.

ఒక్కటి చెప్పకుండా ఉండలేను. "నిన్ను కాపాడటానికే అబద్ధం చెప్పాను" అనే అబ్బాయి ఈ కథల్లో తప్పకుండా ఒకడుంటాడు. నవల్లో వాడు ముద్దొస్తాడు, రానీ. కానీ ఆమె వాణ్ణి నిలదీస్తుందా, లేక రచయిత్రి ఒక ముద్దుతో సర్దేస్తుందా అన్నది గమనించు. నాకు రెండోరకం నచ్చదు.

రాత్రిళ్లు చదివితే అధ్యాయం చివర ఆపాలని చూడకు, ఆపలేవు. అక్కడ నిన్ను లాగడానికే ఏదో ఒకటి పెడతారు. తర్వాతి అధ్యాయంలో రెండు పేరాలు చదివి, ఉత్కంఠ కాస్త సద్దుమణిగాక లైటు ఆపు. తెల్లారుజామున మూడు గంటలకు చదివిన పోరాటం ఏదీ నాకు సరిగ్గా గుర్తులేదు.

పన్నెండో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఏడో అధ్యాయానికి వచ్చాక రాయి. ఆ సైనికుడి తమ్ముడున్నాడే, ఎప్పుడూ జోకులేస్తూ తిరిగేవాడు, వాడి మీద నాకు అనుమానంగా ఉంది. ఎందుకో ఇప్పుడు చెప్పను. వాడి చేతి తొడుగుల మీద ఒక కన్నేసి ఉంచు.

నీ పెద్దమ్మ