నీ ట్యాంకు ప్లాస్టిక్‌దా, ఉక్కుదా?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కథ అందింది, చదివాను. గోదారి లంకలో మామ్మా మనవడూ, అంతర్వేది తీర్థంలో కొన్న నల్ల ట్యాంకు బొమ్మ, వరద రాత్రి ఆ బొమ్మ నిజం బండంత పెరిగి ఇద్దరినీ ఏటిగట్టు ఎక్కించడం. బాగుంది. మామ్మ మరీ బాగుంది. ఇంట్లోకి నీళ్ళొస్తుంటే పట్టుచీర వదిలేసి దస్తావేజుల సంచి వెతుక్కునే ముసలమ్మని నువ్వు ఎక్కడో చూసే రాసుంటావు. కథ కుంటుపడింది ట్యాంకు కదిలాకే. బొమ్మ పెరిగిందంటే నమ్మేశాను. అది లంక మట్టిలో జాతీయ రహదారి మీద కారులా దూసుకుపోయిందంటే మాత్రం నమ్మలేకపోయాను.

ట్యాంకు గురించి ఇంకా సమాచారం కలపాలా అని అడిగావు. వద్దు. ఉన్నదే ఎక్కువైంది, గుర్రపుశక్తి, తుపాకీ గొట్టం కొలత అన్నీ ఎక్కడినుంచో తెచ్చి పెట్టావు. నువ్వు తేల్చుకోవాల్సింది ఒకటే: పెరిగిన ట్యాంకు ప్లాస్టిక్‌దా, ఉక్కుదా? మూడో పేజీలో తూటాలు తగిలి జారిపోతాయి, అంటే ఉక్కు. ఐదో పేజీలో నీళ్ళమీద తేలుతుంది, అంటే ప్లాస్టిక్. రెండూ ఒకే బండికి అంత తేలిగ్గా కుదరవు.

ముందు బొమ్మ సంగతి చూద్దాం. నువ్వు రాసిన ముక్కు మీద గాజు కప్పు, పైన జంట తుపాకులు, వెనక మనుషులు నిలబడే అరుగు చూస్తే ఇది హాస్‌బ్రో కంపెనీ 1983లో తెచ్చిన హిస్ ట్యాంకుకు దగ్గర చుట్టంలా ఉంది. జి.ఐ.జో అనే అమెరికా సైనికబొమ్మల వరసలో విలన్ల బండి అది. దాన్ని చూసి యుద్ధం తెలిసినవాళ్ళు నవ్వుతారు. డ్రైవర్‌ని గాజు వెనక, శత్రువుకి అందరికన్నా ముందు కూర్చోబెట్టే ట్యాంకు ఏ సైన్యంలోనూ ఉండదు. కానీ ఆ బొమ్మ గీసినవాడు తెలివితక్కువవాడు కాదు. లోపల కూర్చున్న మనిషిబొమ్మ కనపడకపోతే పిల్లాడు కొనడు, అందుకే గాజు. ఇంకో ఇద్దరు మనిషిబొమ్మలు కూడా కొనిపించాలి, అందుకే వెనక అరుగు. చాలా బొమ్మ ట్యాంకుల చైన్లు తిరగవు, అడుగున దాచిన చిన్న చక్రాలు తిరుగుతాయి. గచ్చు మీద సాఫీగా పోవాలి కదా. వాళ్ళ యుద్ధభూమి ఇంటి గచ్చే.

కొలతల్లోనూ అంతే. అదే వరసలో 1985లో యూఎస్ఎస్ ఫ్లాగ్ అని ఒక విమానవాహక నౌక బొమ్మ తెచ్చారు. ఏడున్నర అడుగుల పొడవు, మంచమంత. ఆ మనిషిబొమ్మలు అసలు మనిషిలో దాదాపు 18వ వంతు ఉంటాయి. ఆ లెక్కన ఆ ఓడ నిజంగా 41 మీటర్లే. రెండు ఎఫ్-14 యుద్ధవిమానాలు వరసగా పెడితే చోటు అయిపోతుంది. మన విమానవాహక నౌక విక్రాంత్ 262 మీటర్లు. దాన్ని 18వ వంతుకు తగ్గించినా పద్నాలుగున్నర మీటర్ల బొమ్మవుతుంది, నడవలో కూడా పట్టదు. ఇంత తేడా ఉన్నా ఏ పిల్లాడూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే ఆటలో ఓడ సముద్రంలోకి దిగదు. నువ్వేమో బండిని వరదలోకి దింపావు.

సరే, ఉక్కు అనుకుందాం. చెన్నై దగ్గర ఆవడిలో మన సైన్యానికి తయారుచేసిన టి-72 ట్యాంకు 41 టన్నులు. ఆ బరువంతా రెండు చైన్ల మీద పరుచుకున్నా చదరపు సెంటీమీటరుకు ముప్పాతిక కిలో దాటి పడుతుంది. గట్టి నేల మీద అది పెద్ద లెక్క కాదు. వారం రోజులు నీళ్ళలో నానిన ఒండ్రులో మాత్రం పొట్ట ఆనేదాకా దిగిపోతుంది. 1915లో రష్యాలో తొమ్మిది మీటర్ల చక్రాలతో ఒక భారీ యుద్ధశకటం కట్టారు. పరీక్షలోనే వెనకవైపు చక్రం మెత్తటి నేలలో కూరుకుపోయింది. లాగలేక అక్కడే వదిలేసి, కొన్నేళ్ళకి తుక్కు కింద విప్పేశారు. ఇక మన కాలవగట్టు రోడ్లు, వాటి కింద పాతకాలం తూములు ఎలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు. డీజిల్ అయితే కిలోమీటరుకు రెండు లీటర్లు దాటి తాగుతుంది. రాజోలు బంకులో ఆ పిల్లాడు ఎవరి ఖాతాలో రాయిస్తాడు?

ఉక్కుదై నీళ్ళలో తేలాలంటే సన్నగా, తేలిగ్గా, లోపల గుల్లగా ఉండాలి. 1971లో తూర్పు పాకిస్తాన్ నదుల మధ్య మన సైన్యం పీటీ-76 అనే 14 టన్నుల ట్యాంకుల్ని వాడింది అందుకే. గరీబ్‌పూర్ పోరులో పాల్గొన్నవి అవే. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో చేసే, సైనికుల్ని మోసే శరత్ బండ్లు కూడా దాదాపు అంతే బరువు, అవీ ఈదుతాయి. కానీ గంటకు ఏడు కిలోమీటర్లే, అంటే సెకనుకు రెండు మీటర్లు కూడా లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి ప్రవాహానికి అడ్డంగా ఈదాలంటే ఏ బండైనా అనుకున్న రేవులో తేలదు, చాలా కిందకి కొట్టుకుపోయి తేలుతుంది.

ఇప్పుడు ప్లాస్టిక్‌కి వద్దాం. నాకు సరదా పుట్టింది ఇక్కడే. నువ్వు పంపిన కొలతలు తీసుకున్నాను. పాతిక సెంటీమీటర్ల పొడవు, పదిహేను వెడల్పు, అరకిలో బరువు. అన్ని వైపులా 18 రెట్లు పెంచితే పొడవు నాలుగున్నర మీటర్లు, వెడల్పు రెండు మీటర్ల డెబ్భై. బరువు మాత్రం 18ని మూడుసార్లు గుణించినన్ని రెట్లు, అంటే 5,832 రెట్లు పెరుగుతుంది. మూడు టన్నులకు కాస్త తక్కువ! మన చేలల్లో వానకి పడిపోయిన వరి కోయడానికి వచ్చే చైన్ మిషన్ కూడా అటూ ఇటూగా అంతే తూగుతుంది. టైర్ మిషన్ దిగబడే చేలో చైన్ మిషన్ ఎలా తిరుగుతుందో నీకు తెలుసు. అంటే ట్యాంకుగా పనికిరాని నీ బొమ్మకి మన నేల మీద, మన నీటి మీద కొంత బతుకుంది. అడుగు మూసుకుని ఉంటే వరదలో పావు మీటరు మునిగి తేలుతుంది. తూటాలకి మాత్రం నిలవదు. బొమ్మ గోడ రెండు మిల్లీమీటర్లయితే పెరిగాక అది 36 మిల్లీమీటర్ల ప్లాస్టిక్, రైఫిల్ ముందు దాన్ని నమ్ముకుని కూర్చోలేం. అయినా నీ కథలో తూటాలెందుకమ్మా? వరద చాలదా?

ప్లాస్టిక్ అని తేల్చుకున్నాక చివరిదాకా ప్లాస్టిక్కే. లోపల ఇంజన్ ఉండదు. మీటర్లన్నీ స్టిక్కర్లే, సగం ఊడిపోయినవి. సీటు మీద దూది లేదు, మనిషిబొమ్మ నడుం ఆనడానికి వేసిన గాడి ఉంది. చైన్లు తిరగవు. గాజు కప్పు ఒక బందు మీద తెరుచుకుంటుంది, ఆ బందు మనవడు ఇరగ్గొట్టేశాడని నువ్వే రెండో పేజీలో రాశావు. అడుగున మరల కోసం వేసిన రంధ్రాలు ఇప్పుడు చెయ్యి పట్టేంత ఉంటాయి, వాటిలోంచి నీళ్ళు ఎగదన్నుతాయి. ఎవరు ఏం కుక్కుతారు వాటిలో? మామ్మ వదిలేసిన పట్టుచీర ఉందిగా! పైన తుపాకుల బరువుకి బండి ఒక పక్కకి ఒరుగుతుంది, మామ్మని మధ్యలో కూర్చోబెట్టాలి, ఆవిడ కూర్చోదు. ఇంజన్ లేదు కాబట్టి గెడ వెయ్యాలి. గెడ వేసేవాడు కావాలి. రేవు తప్పకుండా ఉండాలంటే ఎగువన ఎంత దూరం వెళ్ళి వదలాలో తెలిసినవాడు కావాలి. నీ కథలో రెండు వాక్యాలకే పరిమితమైన పడవ మావయ్య, ఏరు దాటించే పంటు ఆగిపోయిన రోజు నుంచీ తాగి పడుకున్నాడని రాశావే, అతన్ని లేపు. నీ అసలు మనిషి అతనే అని నాకనిపిస్తోంది.

ఇంతా చెప్పానని ఈ లెక్కలన్నీ కథలోకి ఎక్కించకు. 5,832 అన్న అంకె పాఠకుడికి కనపడకూడదు. ఆ బండిని నలుగురు తోస్తే కదిలిందన్న వాక్యం నువ్వు ధైర్యంగా రాయడానికే అది. ఆ రంధ్రాల సంగతి నామాట మీద రాయొద్దు, బొమ్మని గాబులో వదిలి చూడు. ఎటువైపు ముందు ఒరుగుతుంది, నీళ్ళు ఎక్కడినుంచి ఎక్కుతున్నాయి, ఎంతసేపటికి మునిగింది అన్నీ రాసుకో. దాళ్వా కోతలప్పుడు మీ చేలో చైన్ మిషన్ దిగితే గట్టు మీద నించోక, డ్రైవర్‌ని అడిగి పక్కన కూర్చో. మలుపు తిరిగేటప్పుడు ఏ చైను ఆగుతుందో, గట్టు దాటేటప్పుడు అతను ఎందుకు తిట్టుకుంటాడో చూడు. వాళ్ళు తిట్టే తిట్లు కూడా రాసుకో, పత్రిక వాళ్ళు వేయరు గానీ నీకు పనికొస్తాయి.

తూటాల పేజీ తీసెయ్. విలన్ల ముఠా మొత్తం తీసెయ్, వాళ్ళు నీ లంకకి ఎందుకొచ్చారో నువ్వు కూడా చెప్పలేదు. మొదటి రెండు పేజీల జోలికి వెళ్ళొద్దు. మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిన పూట నుంచి కొత్తగా రాయి. ఆ హెచ్చరిక ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి ఇస్తారు. నువ్వు 20 అని వేశావు, దిద్దుకో.

టైపు చేసే పంపు. నీ చేతిరాత చదవడం మా ఇంట్లో ఎవరి వల్లా కాలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు