విప్పడానికి ముందు: పాత కార్ల మరమ్మతుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: 1950ల్లో తయారైన మా తాతగారి కారు ఇరవై ఏళ్లకు పైగా షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. సెలవు రోజుల్లో దాన్ని నా చేతులతో బాగుచేసుకోవాలని కోరిక. కొత్త బ్యాటరీ తగిలించి ఒక్కసారి స్టార్టు చేస్తే ఇంజన్ సంగతి తేలిపోతుందని మిత్రులంటున్నారు. పని అలా మొదలుపెట్టవచ్చా?

జవాబు: ఆ ఒక్క పని మాత్రం చేయకండి. ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజన్‌లో ఏదో ఒక సిలిండర్ వాల్వు తెరుచుకునే ఉంటుంది. ఆ దారిన చేరిన తేమ సిలిండర్ గోడకు తుప్పు పట్టిస్తుంది, పిస్టన్ రింగులు ఆ తుప్పులో అతుక్కుపోతాయి, బేరింగుల మధ్య ఉండాల్సిన నూనె ఎప్పుడో కిందికి జారిపోయి ఉంటుంది. ఈ స్థితిలో స్టార్టర్ మోటారు బలమంతా ఒక్కసారిగా పడితే రింగులు విరగవచ్చు, పట్టేసిన వాల్వు కదలక దాన్ని తెరిచే కడ్డీ, అంటే పుష్‌రాడ్, వంగిపోవచ్చు. ఇరవై ఏళ్లలో పాడుకానిది రెండు క్షణాల్లో పాడవుతుంది. పైగా ఆ కాలపు కార్లలో చాలావాటికి 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపే పద్ధతి కూడా అప్పట్లో మామూలే. ఈ రెండూ చూసుకోకుండా ఇప్పటి బ్యాటరీని ఇప్పటి అలవాటు ప్రకారం తగిలిస్తే మరో నష్టం.

ఇంజన్‌ను మొదటిసారి చేత్తోనే తిప్పాలి. ప్లగ్గులన్నీ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరుసగా ఒక అట్టముక్కకు గుచ్చి ఉంచండి. ఒకదాని మొన మీద పొడి మసి, మరోదాని మీద జిడ్డు నూనె కనిపిస్తే, ఆ కారు ఆఖరిసారి ఎలా నడిచిందో మీకు అప్పుడే కొంత తెలిసిపోతుంది. తర్వాత ఒక్కో ప్లగ్గు రంధ్రంలో రెండు చెంచాల తుప్పు వదిలించే పలుచని నూనె పోసి, వారం రోజులు దాని మానాన దాన్ని వదిలేయండి. ఆపైన గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు భాగంలో హ్యాండిల్ పెట్టే వీలుంటే దానితో, లేకపోతే క్రాంక్ పుల్లీ నట్టుకు పొడుగుపాటి పానా తగిలించి, మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించండి. మొదటి రోజు రాతిని తోసినట్టే ఉంటుంది. మళ్లీ నూనె పోయండి, మళ్లీ ఆగండి. ఏదో ఒక రోజు హ్యాండిల్ వేలెడు మేర జరుగుతుంది, ప్లగ్గు రంధ్రంలోంచి సన్నగా గాలి బయటికొచ్చి నూనె బుడగ కడుతుంది. ఆ బుడగ చూసిన ఉత్సాహంలో గట్టిగా తిప్పేయాలనిపిస్తుంది. అప్పుడే చేతిని అదుపులో పెట్టుకోవాలి, ఎందుకంటే వదులైన తుప్పు రజను ఇంకా రింగుల మధ్యే ఉంటుంది.

పూర్తి చుట్టు స్వేచ్ఛగా తిరిగాక పాత నూనె దించి, ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టిని, అంటే సంపును, విప్పి అందులో పేరుకున్న మడ్డిని శుభ్రం చేసి, కొత్త నూనె పోయండి. తర్వాత కంప్రెషన్ పరీక్ష చేయండి, అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో గేజితో కొలవండి. అంకె ఎంత ఉందన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత ఉందన్నదే ముఖ్యం. ఒక సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజన్ నూనె పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే లోపం రింగుల దగ్గర, పెరగకపోతే చాలావరకు వాల్వుల దగ్గర ఉందని అర్థం. ఇంజన్ మొత్తం విప్పాలా వద్దా అన్నది ఈ పరీక్ష తర్వాత ఆలోచించాల్సిన మాట.

ట్యాంకులోని పాత పెట్రోలు వార్నిష్ వాసన కొట్టే జిగురుగా మారి ఉంటుంది కనుక, మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు వేరే చిన్న డబ్బా నుంచి కొత్త గొట్టంతో కార్బురేటర్‌కు పెట్రోలు అందించండి. ట్యాంకుకు చిల్లు ఉంటే అది ఎంత ఖాళీగా కనిపించినా దగ్గరికి వెల్డింగ్ మంటను తీసుకుపోకండి; ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం.

ఇంకొక్క మాట. ఇంజన్ మోగడానికి ముందే బ్రేకుల పని ముగించండి. ఇది చాలామంది పాటించే వరుస కాదని నాకు తెలుసు. కానీ ఇంజన్ మోగిన తర్వాత కారును నాలుగడుగులు కదపకుండా ఉండగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అన్నేళ్లు నిలవున్న ద్రవం చక్రాల దగ్గర బ్రేకులను నొక్కే వీల్ సిలిండర్ల లోపలి గోడలను గుంటలు పడేలా తినేసి ఉంటుంది, రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటాయి. డ్రమ్ములు విప్పినప్పుడు కనిపించే బూడిదరంగు దుమ్మును గాలితో ఊదకండి, పొడిబ్రష్‌తో దులపకండి. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. దానికి తగిన మాస్కు పెట్టుకుని, దుమ్మును బాగా తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయండి.

ప్రశ్న: నా కారు రంగు చాలాచోట్ల వెలిసింది, తలుపుల కింద తుప్పు ఉంది. మొత్తం రంగు గీకించి కొత్తగా వేయిస్తేనే పునరుద్ధరణ పూర్తయినట్టా?

జవాబు: కాదు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిదే. ఫ్యాక్టరీ వేసిన రంగు ఒక్కసారే ఉంటుంది. ఒకసారి గీకేశాక ఎంత డబ్బు పోసినా వచ్చేది దాని నకలే. 1925 నాటి ఒక బుగాటీ కారు ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల మధ్య ఉన్న మాజోరె సరస్సు అడుగున దశాబ్దాల పాటు పడి ఉంది. 2009లో దాన్ని పైకి తీసిన తర్వాత, వేలంలో కొన్నవారు కొత్త కారులా తయారుచేయించే స్థోమత ఉండి కూడా, నీళ్లు తినేసిన ఆ బాడీని ఉన్నది ఉన్నట్టుగా మ్యూజియంలో నిలబెట్టారు. మీ కారును అలా వదిలేయమని నేననడం లేదు; అది రోడ్డు మీద తిరగాల్సిన కారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్ కూడా ఉన్నదాన్ని కాపాడటం, పోయినదాన్ని తిరిగి నిర్మించడం రెండూ వేర్వేరు పనులని గుర్తించి, వీలైనంత తక్కువ జోక్యం వైపే మొగ్గింది.

మీరు ముందు ఒక తలుపు మీద జానెడు మేర సబ్బునీళ్లతో కడిగి, మెత్తని పాలిష్ పెట్టి చూడండి. వెలిసిపోయిందనుకున్న రంగు చాలాసార్లు పైపొర మాత్రమే పొడిబారినదై ఉంటుంది. అసలు రంగు ఏదో తెలియాలంటే డ్యాష్‌బోర్డు అడుగున, తలుపు రబ్బరు వెనక, స్పేర్ టైరు ఉండే గుంటలో వెతకండి. ఎండ తగలని ఆ చోట్ల అది భద్రంగా ఉంటుంది. తలుపు కింద తుప్పు మాత్రం వేరే సంగతి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మొన ఆగితే అది పైతుప్పు. దాన్ని శుభ్రం చేసి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూసి, ప్రైమర్ వేస్తే సరిపోతుంది. మొన లోపలికి దిగిపోతే అక్కడ రేకు లేదు. ఆ ముక్కను కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. ఆ రంధ్రంలో లప్పం నింపి పైన రంగు వేయడం కారుకు చేసే అన్యాయం. లప్పం తేమను పట్టి ఉంచుతుంది, దాని వెనక తుప్పు కనిపించకుండా పాకుతుంది.

విప్పి తీయగలిగే చిన్న ఇనుప భాగాలకు విద్యుత్తుతో తుప్పు వదిలించే పద్ధతి నాకు చాలా ఇష్టం. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి కొద్దిగా వాషింగ్ సోడా కలపాలి. తుప్పు భాగాన్ని చార్జర్ నెగటివ్ కొసకు, ఒక పాత ఇనుపముక్కను పాజిటివ్ కొసకు కలపాలి, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. మర్నాటికి తుప్పు నల్లటి మెత్తని పొరగా మారి బ్రష్‌కు వచ్చేస్తుంది, కింద గట్టి ఇనుము అరగకుండా ఉంటుంది. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆరుబయటే చేయాలి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలో కలుస్తుంది. అల్యూమినియం భాగాలను, స్ప్రింగులను ఆ తొట్టిలో వేయకండి.

రంగు గీకక తప్పని చోట తడి ఉప్పుకాగితమే వాడండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. రెండు ద్రవాలు కలిపి వాడే ఇప్పటి పెయింట్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు లేకుండా వాటిని ఇంట్లో స్ప్రే చేయవద్దు.

ప్రశ్న: నా దగ్గర మిల్లీమీటర్ పానాల సెట్టు, అంగుళాల సెట్టు రెండూ ఉన్నాయి. అయినా బ్రిటిష్ కారు నట్లకు ఏదీ సరిగ్గా కూర్చోవడం లేదు. ఒకటి వదులు, ఇంకొకటి పట్టదు.

జవాబు: ఆ నట్లు విట్‌వర్త్ కొలతవి అయి ఉంటాయి. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన ఆ మరలకు కోణం 55 డిగ్రీలు. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి అంగీకరించిన మరలకు 60 డిగ్రీలు. పానా మీద అంకెలోనూ తేడా ఉంది: మామూలు అంగుళాల పానా మీద ఉండేది నట్టు రెండు ముఖాల మధ్య దూరం, విట్‌వర్త్ పానా మీద ఉండేది బోల్టు కాడ మందం. దగ్గరదగ్గరగా ఉందని వేరే పానాతో తిప్పితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి, ఆ తర్వాత ఏ పానా పట్టదు. కనుక ఒక విట్‌వర్త్ సెట్టు సంపాదించుకోండి.

బోల్టులు మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. పావు అంగుళం విట్‌వర్త్‌కూ, పావు అంగుళం అమెరికన్ ముతక మరకూ అంగుళానికి 20 చుట్లే. ఒకదానిలో మరొకటి ఎక్కేస్తుంది, కానీ కోణం వేరు కనుక పట్టు ఉండదు. పాత మోరిస్ ఇంజన్ల సంగతి మరీ విచిత్రం. మొదట్లో వాటిని తయారుచేసిన ఫ్రెంచి సంస్థ హాచ్‌కిస్ యంత్రాలు మెట్రిక్ మరలు కోసేవి, బ్రిటన్‌లో జనం దగ్గర ఉన్నవి విట్‌వర్త్ పానాలు. అందువల్ల మెట్రిక్ మరకు విట్‌వర్త్ తల పెట్టారు, ఆ పద్ధతి చాలా ఏళ్లు కొనసాగింది. కనుక తలను చూసి మరను ఊహించకండి. మర చుట్లను కొలిచే మర గేజి పెట్టి చూడండి, కొత్త బోల్టు వేళ్లతో మూడు నాలుగు చుట్లు తేలిగ్గా ఎక్కితేనే పానా పట్టండి.

ప్రశ్న: పాత ఇంజన్‌కు సీసం లేని పెట్రోలు హాని చేస్తుందా?

జవాబు: పెట్రోలులో సీసం కలిపి అమ్మడం 1923లోనే మొదలైంది, అంతకు ముందు కార్లన్నీ సీసం లేకుండానే నడిచాయి. వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచును, అంటే వాల్వు సీటును, సీసం అరుగుదల నుంచి కాపాడిన మాట నిజమే. నెమ్మదిగా, తక్కువ దూరాలు తిరిగే కారుకు ఇబ్బంది అరుదు. వాల్వు కొసకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందును, అంటే వాల్వు క్లియరెన్స్‌ను, అప్పుడప్పుడూ కొలుస్తూ, అది పదేపదే తగ్గిపోతుంటే గట్టి సీట్లు వేయించండి. నేను ఎక్కువ భయపడేది ఇథనాల్ గురించి. అది పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులో ఉండే పలుచని పొరలైన డయాఫ్రమ్‌లను మెత్తబరుస్తుంది. వాటిని ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చండి.

ప్రశ్న: ఉత్సాహం కొద్దీ కారంతా ఒక్కసారే విప్పేశాను. రెండేళ్లయింది. ఏ భాగం ఎక్కడిదో గుర్తు లేదు. మిగతాది వదిలేయాలనిపిస్తోంది.

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి కారు గుర్తొచ్చింది. నేనూ నాలుగు వారాంతాల్లో దాన్ని బాడీ దాకా విప్పేశాను. నట్లన్నీ ఒకే బకెట్‌లో వేశాను. ఫొటోలు తీసుకోలేదు. తర్వాత ఒక తలుపు కీలు కింద ఉండాల్సిన పలుచని రేకుముక్క ఎటు పెట్టాలో తెలియక మూడు నెలలు తలుపు సరిగ్గా మూసుకోలేదు. చివరికి ఆ రేకు మీద రంగు అంచు ఆనవాలు, కీలు మీద రంగు అంచు ఆనవాలు జోడించి చూస్తే దాని చోటు దొరికింది. మీ భాగాల మీద కూడా అలాంటి ఆనవాళ్లు ఉంటాయి: రంగు గీత, వాషర్ ఒత్తిడి పడిన గుండ్రని మచ్చ, గ్రీజు మరక ఆగిన చోటు. అందుకని వాటిని ఇప్పుడే శుభ్రం చేయకండి.

అన్నీ ఒక పాత దుప్పటి మీద పరిచి, బ్రేకులు, స్టీరింగ్, ఇంధనం, తలుపులు అని కుప్పలుగా వేరుచేయండి. ఆ మోడల్ భాగాల పట్టికలో విడదీసి గీసిన బొమ్మలు ఉంటాయి, వాటితో పోల్చుకుంటూ ఒక్కో కుప్పకు ఒక్కో డబ్బా, డబ్బా మీద చీటీ పెట్టండి. అదే మోడల్ కారు నడుపుతున్నవారు ఎవరైనా పరిచయమైతే, గంటసేపు అనుమతి అడిగి దాని అడుగుభాగం, ఇంజన్ గది, తలుపుల కీళ్లు ఫొటోలు తీసుకోండి. తర్వాత పెద్ద పని జోలికి పోకుండా, వైపర్ మోటారు లాంటి చిన్నది ఒకటి తీసుకుని పూర్తిగా బాగుచేసి, బల్ల మీద బ్యాటరీకి కలిపి తిప్పి చూసి, కాగితంలో చుట్టి, తేదీ రాసి అరలో పెట్టండి. మరుసటి వారం రెండో డబ్బా తెరవండి.