స్క్రీన్ మీద వచ్చిన నంబరుకు ఫోన్ చేశాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి, చిన్న జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మొన్న ఎవరికో హాల్ టికెట్ తీస్తుంటే స్క్రీనంతా ఎర్రగా అయిపోయి సైరన్ మోగింది. ‘వైరస్ వచ్చింది, కంప్యూటర్ ఆపితే డేటా పోతుంది, మైక్రోసాఫ్ట్‌కు ఫోన్ చేయండి’ అని ఒక నంబరు కనిపించింది. చేస్తే ఒకతను హిందీలో మాట్లాడి, దూరం నుంచే నా కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ వేయించి, ఏవో ఎర్ర గుర్తులు చూపించి యాంటీవైరస్‌కని 6,500 రూపాయలు ఫోన్‌పేలో కట్టించుకున్నాడు. కంప్యూటర్ ఇప్పుడు బాగానే ఉంది. మా అబ్బాయేమో మోసం అంటున్నాడు. నిజమేనా?

– ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ వెంటనే మీ బ్యాంకుకి కూడా చెప్పండి. డబ్బు అవతలి ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటకముందే చెబితేనే ఆపించే వీలుంటుంది, కాబట్టి రేపు చూద్దాం అనుకోవద్దు. ఫోన్‌పేలో ఆ చెల్లింపు తెరిస్తే యూటీఆర్ అని దాని గుర్తింపు నంబరు ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి, అడుగుతారు.

కంప్యూటర్ బాగానే ఉందంటున్నారు, అసలు పాడైతే కదా! మీరు చూసింది సైరన్ శబ్దం పెట్టిన ఒక వెబ్ పేజీ, అంతే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఆ ఎర్ర గుర్తులు బహుశా ఈవెంట్ వ్యూయర్‌లోవి. విండోస్ ప్రతి చిన్న తడబాటునీ అక్కడ రాసుకుంటుంది, ఏ లోపమూ లేని కంప్యూటర్లో తెరిచినా అలాంటివి కనిపిస్తాయి.

నాకు మీ 6,500 కంటే ఎక్కువ బెంగగా ఉన్నది మీ కస్టమర్ల ఆధార్, పాన్ స్కాన్‌ల గురించి. ఎనీడెస్క్‌తో అతను మీ కంప్యూటర్లో మీరు చూడగలిగినవన్నీ చూడగలడు. ఇంటర్నెట్ తీసేసి, ఎనీడెస్క్‌నీ అతను వేసిన యాంటీవైరస్‌నీ అన్‌ఇన్‌స్టాల్ చేయండి, మీ ఫోన్లో వాట్సాప్ తెరిచి లింక్డ్ డివైసెస్‌లో ఉన్నవన్నీ లాగౌట్ చేయండి, మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు కూడా ఫోన్ నుంచే మార్చండి. విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది, అది నడపండి. షాపు కంప్యూటర్ కాబట్టి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని తెలిసిన మెకానిక్ చేత విండోస్ మళ్లీ వేయించుకుంటే ఇంకా మంచిది. కస్టమర్ల పని అయ్యాక వాళ్ల పాత స్కాన్‌లు ఉంచుకోకుండా తీసేయండి.

కొన్నాళ్లకి ‘మీ డబ్బు రీఫండ్ ఇస్తాం’ అని ఫోన్ వస్తే అది కూడా వాళ్ల పనే. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.

మళ్లీ అలాంటి స్క్రీన్ వస్తే ఎస్కేప్ బటన్ కాసేపు నొక్కి పట్టండి, పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయాలా అని అడిగితే వద్దనండి.

ప్రశ్న: యాంటీవైరస్ కొనాలా? – నరసన్నపేట నుంచి

జవాబు: విండోస్ 10, 11లో డిఫెండర్ ఉచితంగానే ఉంటుంది, మామూలు వాడకానికి అది చాలు. అయితే విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. యాంటీవైరస్ మీద పెట్టాలనుకున్న డబ్బు 11కి మారడానికి పెట్టండి.